వెనుక సీటులోంచి ముందు సీటులోకి

(గ్రామాల్లో పనిచేసే మహిళా కార్యకర్తల శిక్షణా తరగతుల్లో చేసిన ప్రసంగ పాఠం)



నిన్నటి నుండి మనం ఇక్కడ చట్టాల గురించి, పంచాయితీల గురించి, భూమి హక్కుల గురించి మాట్లాడుకుంటున్నాం. ఈ పూట నాకిచ్చిన అంశం మోటారు సైకిలు నేర్చుకోవడం. కార్యక్రమ పత్రంలో అది చూసి కొందరు నవ్వుకున్నారు. "ఇదేమైనా డ్రైవింగు స్కూలా అక్కా?" అని ఒకరు అడిగారు కూడా. జవాబుగా ముందు ఒక సంఘటన చెప్తాను.

1998 వానాకాలంలో ఒక పల్లెకు సంఘం సమావేశానికి వెళ్ళాను. ఆఖరి బస్సు తప్పిపోతే ఆ రాత్రికి అక్కడే ఒక ఇంట్లో ఆగాను. రాత్రి పదకొండు గంటలప్పుడు పక్కింటి అమ్మాయికి నెలలు నిండకుండానే నొప్పులు మొదలయ్యాయి. రక్తం పోతోంది. ఊళ్ళో ఉన్న ఒక్క ఫోనూ పనిచేయడం లేదు. ఆరు కిలోమీటర్ల దూరాన మెయిన్ రోడ్డు దగ్గరికి వెళ్తే జీపు దొరుకుతుంది. వెళ్ళి దాన్ని పిలుచుకొచ్చే మనిషి కావాలి. ఆ అమ్మాయి భర్త తాగి ఒళ్ళు తెలియకుండా పడివున్నాడు. వాకిట్లో అతని హీరో హోండా ఉంది. తాళం గూట్లో ఉంది. ట్యాంకులో పెట్రోలు ఉంది. ఐదుగురు ఆడవాళ్ళం ఆ బండి చుట్టూ నిలబడ్డాం. ఒక్కరికీ నడపడం రాదు. రెండు వీధుల అవతల ఒక కుర్రవాడిని నిద్ర లేపి, వాళ్ళ నాన్నను ఒప్పించి పంపేసరికి ముప్పావు గంట దాటింది. తల్లి బతికింది. బిడ్డ దక్కలేదు. ముప్పావు గంట ముందు జీపు వచ్చివుంటే దక్కేదా అంటే నేను చెప్పలేను. కానీ ఆ అమ్మాయి తల్లి అన్న మాట మాత్రం మర్చిపోలేదు. "ఆ బండి కొనిచ్చింది మేమే గదమ్మా, కట్నం కింద" అందామె.

ఆ మాట గురించి మనం ఆలోచించాలి. మన ప్రాంతాల్లో కట్నం మాట్లాడేటప్పుడు డబ్బు, బంగారం తర్వాత వచ్చేది బండే. వరకట్న నిషేధ చట్టం వచ్చింది 1961లో. కట్నం ఇవ్వడం, తీసుకోవడం రెండూ నేరమే. అయినా తీసుకున్నప్పుడు ఏం చెయ్యాలో కూడా ఆ చట్టం 6వ సెక్షనులో ఉంది. కట్నంగా పుచ్చుకున్నది ఎవరి చేతిలో ఉన్నా మూడు నెలల్లోగా ఆ స్త్రీకి బదిలీ చెయ్యాలి. అంతవరకూ ఆమె తరఫున భద్రపరిచినట్టే. మరి ఆ లెక్కన ఎన్ని బళ్ళ ఆర్.సి. పుస్తకాలు ఆడవాళ్ళ పేరున ఉండాలి? ఆర్.సి. అతని పేరున, తాళం అతని జేబులో. ఆమె మాత్రం చంటిబిడ్డను ఒళ్ళో పెట్టుకుని, వెనుక ఒక పక్కకు తిరిగి కూర్చుంటుంది.

చట్టానికి కూడా మనం ఎక్కువగా వెనుక సీటులోనే కనిపించాం. 1989 కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 123వ నియమం ఉంది. వెనుక కూర్చునేవారికి చేతితో పట్టుకోవడానికి పిడి ఉండాలి, కాళ్ళు పెట్టుకోవడానికి ఫుట్ రెస్టు ఉండాలి, బట్టలు చక్రంలో పడకుండా వెనుక చక్రంలో కనీసం సగాన్ని కప్పే అడ్డు ఉండాలి అంటుందది. చాలా మంచి నియమం. అందులో స్త్రీ అన్న మాట లేదు. కానీ వాడుకలో ఆ అడ్డుకు వచ్చిన పేరు చూడండి: శారీ గార్డు. చీర కట్టినవాళ్ళు కూర్చునేది వెనుకే అని అందరూ ముందే అనుకున్నారు.

"గేర్లు లేని స్కూటర్లు వచ్చాయి కదా, కరెంటు బళ్ళు కూడా వచ్చాయి, ఇప్పుడు క్లచ్ గొడవ ఎందుకు?" అంటారు. అవి కొనుక్కోగలిగినవాళ్ళు కొనుక్కోవాల్సిందే. కానీ పల్లెలో మన ఇంటి ముందు, పక్కింటి ముందు, మన ఆఫీసు షెడ్డులో ఏ బండి ఉంటుంది? ఎక్కువ చోట్ల గేర్ల మోటారు సైకిలే. అవసరం వచ్చిన రాత్రి మన చేతికి దొరికేది అదే. దాన్ని కదిలించడం రాకపోతే వాకిట్లో బండి ఉన్నా లేనట్టే. అందుకే మనం క్లచ్ నేర్చుకోవాలి.

ఇక భయం సంగతి. మగపిల్లలకు బండి పుట్టుకతో రాదు. పదేళ్ళప్పుడు నాన్న ముందు కూర్చుని హ్యాండిలు పట్టుకుంటారు. పన్నెండేళ్ళకు స్టాండు వేసిన బండెక్కి గేర్లు మారుస్తారు. ఆ తర్వాత మామయ్య బండి పడేస్తారు, తిట్లు తింటారు, మళ్ళీ ఎక్కుతారు. మనకు పడిపోయే అనుమతి ఎవరూ ఇవ్వలేదు. నలభై ఏళ్ళ వయసులో ఒక్క ఆదివారం ఎక్కించి, ఒకసారి పడగానే "నీకెందుకులే" అంటారు. తేడా అక్కడుంది.

నేను నేర్చుకున్నదీ అలాగే. నేర్పినాయన "క్లచ్ వదులు, వదులు" అని అరిచాడు. వదిలేశాను. బండి ఎగిరి కంపచెట్లలో పడింది. ఆయన మాట తప్పు కాదు, కానీ ఎంత వదలాలో, ఎందుకు వదలాలో చెప్పలేదు. ఆ "ఎందుకు"తో మొదలుపెడదాం.

క్లచ్ ఏం చేస్తుంది?

ఇంజను ఒకసారి స్టార్టయ్యాక ఊరికే నిలబడినప్పుడు కూడా నిమిషానికి సుమారు 1,400 సార్లు తిరుగుతూ ఉంటుంది. అంతకంటే బాగా తగ్గితే ఆగిపోతుంది. చక్రమేమో అసలు తిరగడం లేదు. తిరిగేదాన్నీ తిరగనిదాన్నీ ఒక్కసారిగా కలిపితే ఏమవుతుంది? అయితే బండి ఎగురుతుంది, లేదా ఇంజను ఆగిపోతుంది. ఈ రెంటినీ మెల్లగా కలపడానికే క్లచ్ ఉంది. లోపల గుండ్రటి బిళ్ళలు ఒకదాని పక్కన ఒకటి ఉంటాయి. కొన్ని ఇంజనుతో తిరుగుతాయి, కొన్ని గేర్ల ద్వారా చక్రంతో తిరుగుతాయి. స్ప్రింగులు వాటిని గట్టిగా నొక్కిపెడతాయి. ఎడమ చేతి లివరు పట్టుకుంటే ఆ ఒత్తిడి పోయి బిళ్ళలు విడిపోతాయి. అంటే క్లచ్ పట్టుకుంటే ఇంజనుకూ చక్రానికీ సంబంధం తెగుతుంది. వదిలితే కలుస్తుంది.

బావిలో బక్కెట దించడం మనలో చాలామందికి తెలుసు. చేంతాడును పూర్తిగా వదిలేస్తే బక్కెట దభీమని పడుతుంది. ఒక్కసారి బిగిస్తే చేయి లాగేస్తుంది. అందుకని తాడు అరచేతిలో జారుతూ ఉండగానే కొంచెం కొంచెం బిగిస్తాం. క్లచ్‌లో చెయ్యాల్సిందీ అదే. లివరు సగం వదిలినచోట బండి ముందుకు లాగడం మొదలవుతుంది. ఆ చోటును చేతితో గుర్తుపట్టడమే సగం విద్య. అక్కడ ఒక్క క్షణం చేతిని ఆపి, బండి కదిలాక మిగతాది వదలాలి.

నేర్చుకునే వరుస

మొదటి రోజు ఇంజను స్టార్టు చెయ్యొద్దు. బండి సుమారు 110 కిలోలు ఉంటుంది. దాని బరువుతో పరిచయం చేసుకోండి. స్టాండు తియ్యండి, వెయ్యండి. పక్కన నడుస్తూ తోసుకెళ్ళండి. తర్వాత కూర్చోండి, ఇద్దరు వెనుక నుంచి తొయ్యనివ్వండి, మీరు బ్రేకులు వేసి ఆపండి. కుడి చేతి లివరు ముందు బ్రేకు, కుడి కాలి కింద వెనుక బ్రేకు, ఎడమ కాలి కింద గేరు. అన్ని బళ్ళూ ఒకటి కాదు. పాత బుల్లెట్లలో గేరు కుడి కాలికి, బ్రేకు ఎడమ కాలికి ఉండేవి. కొన్ని బళ్ళలో గేర్లన్నీ ఒకే వైపు పడతాయి, కొన్నిటిలో మొదటి గేరు కిందికి, మిగతావి పైకి. కొత్త బండి ఎక్కేముందు అడిగి తెలుసుకోవడం చిన్నతనం కాదు. ఆపడం వచ్చినవాళ్ళే నడపడం మొదలుపెట్టాలని నా నియమం.

పడిన బండిని లేపడం కూడా ఆ రోజే నేర్చుకోవాలి. ముందు తాళం తిప్పి ఆపండి. వీపు బండి సీటుకు ఆనించి, గొంతుకూర్చుని, ఒక చేత్తో హ్యాండిలు, ఒక చేత్తో వెనుక పిడి పట్టుకుని, కాళ్ళ బలంతో వెనక్కి నెడుతూ లేవండి. నడుము వంచి లేపితే నడుము పట్టేస్తుంది. సైలెన్సరు కాలికి తగలకుండా చూసుకోండి.

రెండో రోజు స్టార్టు చెయ్యండి. న్యూట్రల్‌లో ఉందో లేదో చూసి, కిక్ కొట్టండి. క్లచ్ పూర్తిగా పట్టుకుని మొదటి గేరు వెయ్యండి. యాక్సిలరేటర్ ముట్టుకోవద్దు. చదునైన నేల మీద క్లచ్ వెంట్రుకవాసి చొప్పున వదలండి. బండి కొంచెం లాగగానే మళ్ళీ పట్టుకోండి. రెండు కాళ్ళూ నేల మీదే. ఇలా యాభై సార్లు. విసుగు పుడుతుంది, అయినా మానొద్దు. బండి ఆగిపోతే సిగ్గుపడొద్దు. క్లచ్ పట్టుకోండి, న్యూట్రల్ చెయ్యండి, మళ్ళీ స్టార్టు చెయ్యండి. మూడో రోజు కాళ్ళు నేలకు రాసుకుంటూ వంద అడుగులు. ఆ తర్వాత కాళ్ళు పైకి.

కొత్తవాళ్ళు పడేది ఎక్కువగా ఒకే కారణంతో. బండి ఒక్క ఉదుటున కదిలితే ఒళ్ళు వెనక్కి పోతుంది. భయంతో హ్యాండిలును గట్టిగా పట్టుకుంటాం. ఆ పట్టుతోనే కుడి మణికట్టు తిరిగి యాక్సిలరేటర్ ఇంకా పెరుగుతుంది. బండి ఇంకా ఉరుకుతుంది. దీనికి మందు ఎడమ చేతిలోనే ఉంది: క్లచ్ పట్టెయ్యండి. ఇంజను ఎంత అరిచినా చక్రానికి శక్తి అందదు. అందుకే మొదటి వారం రెండు వేళ్ళు క్లచ్ మీద నుంచి తియ్యొద్దు. కుడి మణికట్టు ఎప్పుడూ కొంచెం కిందికి వాలి ఉండాలి.

బ్రేకు గురించి ఒక అపోహ

"ముందు బ్రేకు వెయ్యకు, బోర్లా పడతావు" అని మనందరికీ చెప్తారు. ఈ సలహా వల్ల ఆగాల్సిన చోట ఆగలేకపోతాం. బ్రేకు వెయ్యగానే బండి బరువు ముందు చక్రం మీదికి వస్తుంది. అందుచేత పొడి రోడ్డు మీద ఎక్కువగా ఆపేది ముందు బ్రేకే. ఉత్త వెనుక బ్రేకు వేస్తే బండి చాలా దూరం పోయి గాని ఆగదు, గట్టిగా తొక్కితే వెనుక చక్రం బిగుసుకుని పక్కకు జారుతుంది. రెండూ కలిపి వెయ్యాలి. ముందు బ్రేకును గుప్పున పట్టుకోకూడదు, నిమ్మకాయ పిండినట్టు క్రమంగా బిగించాలి. ఇసుక మీద, బురద మీద, తడి పేడ మీద, మలుపులో వంగి ఉన్నప్పుడు మాత్రం ముందు బ్రేకు జోలికి వెళ్ళకుండా ఉండాలంటే, అక్కడికి చేరకముందే వేగం తగ్గించుకోవాలి. 2019 ఏప్రిల్ నుండి 125 సి.సి. వరకు ఉన్న కొత్త బళ్ళకు కనీసం రెండు బ్రేకులూ కలిసి పడే ఏర్పాటు, అంతకు మించినవాటికి చక్రం బిగుసుకోకుండా చూసే ఏ.బి.ఎస్. తప్పనిసరి చేశారు. మన చేతికొచ్చే పాత బళ్ళలో ఇవి ఉండవు.

వేగంలో ఉన్నప్పుడు ఆపాలంటే ముందుగా క్లచ్ పట్టకండి. యాక్సిలరేటర్ మూసేస్తే ఇంజను కూడా బండిని వెనక్కి పట్టి ఆపుతుంది. క్లచ్ పట్టేస్తే ఆ సాయం పోతుంది. కాబట్టి యాక్సిలరేటర్ మూసి, రెండు బ్రేకులు వేసి, ఆగబోయే ముందు క్లచ్ పట్టాలి.

ఒక లెక్క గుర్తుపెట్టుకోండి. మంచి తారు రోడ్డు మీద, రెండు బ్రేకులూ బాగా వేస్తే, గంటకు 20 కిలోమీటర్ల వేగంలో బండి సుమారు 3 మీటర్లలో ఆగుతుంది. 40లో ఆరు మీటర్లు కాదు, 12 మీటర్లు. 60లో 28 మీటర్లు. వేగం రెట్టింపైతే ఆగే దూరం నాలుగింతలు. దీనికి మనం చూసి, గ్రహించి, చెయ్యి కదిలించే సమయం కలపాలి. 40 వేగంలో ఒక్క సెకనులో 11 మీటర్లు పోతాం. గేదె అడ్డం వచ్చాక లెక్కలు వేసుకునే వ్యవధి ఉండదు. నేల మీద సున్నంతో గీత గీసి, దాని దగ్గర ఆపడం రోజూ సాధన చెయ్యండి.

మలుపు తిరిగేటప్పుడు చక్రం వంక చూడకండి, వెళ్ళాల్సిన చోటు చూడండి. గుంటను చూస్తూ ఉంటే గుంటలోకే పోతాం. మెల్లగా తిరగాలంటే క్లచ్ సగం పట్టి, వెనుక బ్రేకు మీద కాలు తేలిగ్గా ఆనించి తిరగాలి. లైసెన్సు పరీక్షలో 8 అంకె తిప్పమనేది దీనికే.

బట్టలు, తల, కాగితాలు

చీర కట్టుకుని నడపొచ్చా అని అడుగుతారు. నాట్లు వేసేటప్పుడు మన ఆడవాళ్ళు గోచీ పోసి కట్టుకుంటారు. బండికీ అదే పద్ధతి. కొంగు నడుముకు చుట్టి దోపాలి. చున్నీ అయితే ఛాతీ మీదుగా తెచ్చి నడుము దగ్గర ముడి వెయ్యాలి. వెనుక ఎగిరే చున్నీ చక్రంలో పడితే మెడకు ఉరి అవుతుంది. ఇది మర్యాదకు సంబంధించిన విషయం కాదు, ప్రాణానికి సంబంధించింది.

హెల్మెట్ విషయంలో రాజీ లేదు. మోటారు వాహనాల చట్టం 129వ సెక్షను ప్రకారం నడిపేవారికీ వెనుక కూర్చునేవారికీ ఇద్దరికీ అది ఉండాలి. ఐ.ఎస్.ఐ. గుర్తు చూసి కొనండి, గడ్డం కింద పట్టీ బిగించండి. నెత్తిన కొప్పు ఉంటే హెల్మెట్ సరిగ్గా దిగదు, జడ కిందికి వేసుకోండి. ఢిల్లీలో స్త్రీలకు కూడా హెల్మెట్ తప్పనిసరి అన్నది 2014లో గాని రాలేదు. అంతకాలం మినహాయింపు పేరుతో ఆడవాళ్ళ తలకు విలువ తక్కువ కట్టారు. అలాంటి మినహాయింపులు మనకు వద్దు.

పద్దెనిమిదేళ్ళు నిండినవారు ముందు ఎల్.ఎల్.ఆర్. తీసుకోవాలి. అది ఆరు నెలలు చెల్లుతుంది. తీసుకున్న 30 రోజుల తర్వాత పక్కా లైసెన్సు పరీక్షకు వెళ్ళొచ్చు. అప్పటిదాకా బండికి ముందూ వెనుకా తెల్లటి పలక మీద ఎర్రటి ఎల్ అక్షరం ఉండాలి. మైదానం దాటి రోడ్డెక్కేముందు ఇవన్నీ, ఇన్సూరెన్సుతో సహా చూసుకోండి. లైసెన్సు లేని మనిషికి బండి ఇస్తే యజమాని కూడా నేరస్థుడే. కాగితాలు సరిగ్గా లేని ఆడమనిషిని రోడ్డు మీద ఆపి అవమానించడం ఎంత సులువో మీకు తెలుసు.

సంస్థలు చెయ్యాల్సింది

తమిళనాడులోని పుదుక్కోట జిల్లాలో 1990ల మొదట్లో అక్షరాస్యతా ఉద్యమంలో భాగంగా వేలాది మంది గ్రామీణ స్త్రీలు సైకిలు నేర్చుకున్నారు. అప్పటి కలెక్టరు షీలారాణి చుంకత్ దాన్ని చదువు పనిలో భాగంగా చూశారు, సైకిళ్ళకు అప్పులు ఇప్పించారు. ఆడవాళ్ళ సైకిళ్ళు దొరకకపోతే మగవాళ్ళ సైకిళ్ళే కొన్నారు. పాలు, కూరగాయలు, పిల్లలు, మంచినీళ్ళ బిందెలు అన్నీ వాటి మీద ప్రయాణం చేశాయి. అక్కడ స్త్రీలకు ఎవరూ కొత్త ధైర్యం పోయలేదు. నేర్పే మనిషి, కొనే డబ్బు, పక్కన తోటి స్త్రీలు, ఈ మూడూ ఒకేసారి దొరికాయి.

మన సంస్థల్లో ఏం జరుగుతోంది? ప్రాజెక్టు బండి మగ కార్యకర్తకు, బస్సు టిక్కెట్టు ఆడ కార్యకర్తకు. ఆమె వెళ్ళగలిగేది బస్సు వెళ్ళే ఊళ్ళకే. తర్వాత నివేదికలో "ఆమె తక్కువ గ్రామాలు తిరిగింది" అని రాస్తారు. కాబట్టి నా ప్రతిపాదనలు ఇవి. బండి నేర్చుకునే రోజులను పని దినాలుగా లెక్కించి జీతం ఇవ్వాలి. లైసెన్సు ఖర్చు, హెల్మెట్ సంస్థే భరించాలి. పెట్రోలు భత్యం ఆడా మగా తేడా లేకుండా ఇవ్వాలి. పొదుపు సంఘం అప్పుతో కొన్న బండి ఆర్.సి. అప్పు కట్టే స్త్రీ పేరునే ఉండాలి. నేర్చుకున్న ప్రతి ఒక్కరూ ఇంకో ఇద్దరికి నేర్పాలి.

రెండు జాగ్రత్తలు కూడా చెప్పాలి. బండి వచ్చింది కదా అని పిల్లల బడి, అత్తగారి ఆసుపత్రి, రేషను సరుకులు అన్నీ ఆమె నెత్తినే వేసే ఇళ్ళు ఉన్నాయి. ఆ లెక్క ఇంట్లో అడగాలి. రెండోది, మనం బండి నేర్చుకున్నామని ఊరికి బస్సు వెయ్యడం మానేస్తే ఒప్పుకోం. తెలంగాణలో 2023 డిసెంబరు నుండి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు నుండి స్త్రీలకు ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణం వచ్చింది. అది మన హక్కుగా నిలబెట్టుకుందాం. కానీ బస్సే రాని తండాకు టిక్కెట్టు ఉచితమైతే ఏం లాభం? బస్సు కోసం పోరాడుతూనే బండి నేర్చుకుందాం.

భర్త తాళం దాచేస్తే ఏం చెయ్యాలని పొద్దున ఒకామె చాటుగా అడిగింది. 2005 గృహహింస చట్టంలో ఆర్థిక హింస అనే మాట ఉంది. స్త్రీధనాన్ని, ఆ ఇంటి మనిషిగా ఆమె వాడుకోగల వస్తువులను, సౌకర్యాలను ఆమెకు అందకుండా చెయ్యడం అందులోకి వస్తుంది. ఆ మాట ఇంట్లో చెప్పండి. వినకపోతే సంఘంలో చెప్పండి. కానీ తాళం చేతికొచ్చిన రోజున బండి నడపడం వచ్చివుండాలి కదా.

ఇక మాటలు చాలు. సాయంత్రం నాలుగున్నరకు వెనుకనున్న స్కూలు గ్రౌండులో రెండు బళ్ళు ఉంటాయి. గేటు దగ్గర ఇద్దరు నిలబడి, చూడ్డానికి వచ్చే కుర్రాళ్ళను పంపించేస్తారు. చెప్పులు కాదు, మడమ కప్పే బూట్లు ఎవరివైనా సరే అడిగి తెచ్చుకోండి. చీరలవాళ్ళు గోచీ పోసుకుని రండి. ఇవాళ ఇంజను స్టార్టు చెయ్యం. తొయ్యడం, ఆపడం, పడిన బండిని లేపడం మాత్రమే. క్లచ్ రేపు.